మెసేజీలంటే సరుకులట!

బళ్లో నేర్చుకున్న ఇంగ్లీషు అన్నిచోట్లా పనికొస్తుందనుకుంటాం కదూ! మా చెల్లెలు స్కాట్లాండులోని గ్లాస్గోలో కాపురం పెట్టిన కొత్తలో, ఒకరోజు బాగా మంచు పడుతోందట. పక్కింటి ముసలావిడ తలుపు తట్టి, "మెసేజీలేమైనా కావాలా?" అని అడిగింది. ఉత్తరాల సంగతేమో అనుకుని "వద్దు" అనేసింది మా చెల్లి. తీరా చూస్తే అక్కడ మెసేజీలంటే బజారు నుంచి తెచ్చుకునే సరుకులు! ఆ పూట చంటిదానికి పాలు లేక ఎంత అవస్థ పడిందో!

అక్కడ 'పీస్' అంటే శాండ్‌విచ్. 'వెయిన్' అంటే పసిపిల్ల. చిన్న అనే అర్థమున్న 'వీ', ఒకటి అనే 'ఏన్' కలిసి అలా అయిందట.

కొత్త సంవత్సరానికి చెప్పుకునే దీవెన ఇంకా ముచ్చటైనది. "లాంగ్ మే యువర్ లమ్ రీక్", అంటే మీ ఇంటి పొగగొట్టం కలకాలం పొగ చిమ్మాలని. పొయ్యి ఆరని ఇల్లు చల్లగా ఉన్నట్టే కదా! లేనివాళ్లింట్లో 'పొయ్యిలో పిల్లి లేవలేదు' అంటాం మనం. ఆ బాధ మీకు రాకూడదనే వాళ్ల దీవెన. ఇళ్లల్లో గ్యాసు వచ్చినా ఆ మాట మాత్రం పోలేదు.

మీ అమ్మాయి పరాయి దేశం వెళ్తుంటే ఆవకాయతో పాటు ఈ మాటా కట్టివ్వండి: అర్థం కాకపోతే వద్దనెయ్యకుండా, "అంటే ఏమిటండీ?" అని అడగమనండి. అడిగితే సిగ్గు ఒక్క నిమిషమే. అడగకపోతే పాలు లేని పూట!