కుక్కపిల్లకు ఓనమాలు

మహాభారతము ఆదిపర్వమున కథారంభముననే ఒక కుక్కపిల్ల ఏడుపు వినవచ్చును. జనమేజయ మహారాజు యాగము చేయుచుండగా, దేవలోకపు శునకమగు సరమ కొడుకు అచ్చటికి వచ్చెను. రాజు తమ్ములు దానిని కొట్టిరి. అది ఏడ్చుచు తల్లి కడకు పోయెను. ఏ తప్పును చేయని నా బిడ్డను ఏల కొట్టితిరని సరమ వచ్చి అడిగెను. తెలుగున నన్నయగారును ఈ కథను విడువక చెప్పియున్నారు.

ఆ ప్రశ్నకు మేమును ఒకనాడు గురియైతిమి. మా పిల్లలు వీధినుండి రెండు నెలల నాటుకుక్కపిల్లను తెచ్చి, మోతీ అని పేరు పెట్టిరి. అది ఒక ఉదయమున మా చెప్పు కొరికినది. మధ్యాహ్నము మేము దానిని చూచుకొని, "మోతీ, రా" అని పిలిచితిమి. తోక ఆడించుచు వచ్చినది. చుట్టిన పత్రికతో రెండు దెబ్బలు వేసితిమి. చెప్పు కొరికినందుకు శిక్షించితిమని మా తలంపు. పిలువగా వచ్చినందుకు దెబ్బలు తగిలినవని దాని తలంపు.

కొన్ని దినములకు వీధితలుపు తెరచియుండగా మోతీ రోడ్డు మీదికి పోయినది. ఎదుట లారీ వచ్చుచున్నది. "మోతీ, రా" అని మేము కేక వేసితిమి. ఆ కేక విని అది నడివీధిలో పొట్ట నేలకానించి కదలక పడియుండెను. డ్రైవరు బండి ఆపబట్టి దాని ప్రాణము దక్కినది. మా చిన్నమ్మాయి గడప కడ చతికిలబడి మెల్లగా పిలువగా, లేచి ఆమె ఒడిలోనికి వచ్చినది. "మీరు పిలిస్తే దానికి దెబ్బలే గుర్తొస్తాయి నాన్నా" అన్నది అమ్మాయి. మాకు మాట రాలేదు.

అమ్మాయి చెప్పినదానినే శాస్త్రజ్ఞులును చెప్పుచున్నారు. ఏ పని వెంటనే సుఖము కలుగునో ఆ పనిని జంతువు మరల మరల చేయునని ఎడ్వర్డ్ థారన్‌డైక్ 1898లో పిల్లులపై చేసిన ప్రయోగములను బట్టి తేల్చెను. ఇందు "వెంటనే" అన్న మాట ముఖ్యము. బహుమానమైనను శిక్షయైనను ఆలస్యమైనచో, అప్పుడు తాను చేయుచున్న పనికే కుక్కపిల్ల దానిని ముడిపెట్టుకొనును. మూడవ వారము మొదలు పండ్రెండవ వారము వరకు గల వయస్సున మనుష్యులతోడి చెలిమి దానికి సులభముగా అలవడునని స్కాట్, ఫుల్లర్ అను శాస్త్రజ్ఞులు 1965లో వెలువరించిన గ్రంథమున వివరించిరి. ఆ లేత దినములలో పుట్టిన భయము పోగొట్టుట కష్టము. భయపడిన కుక్కయే తరచుగా కరచును.

ఇక విద్యల సంగతి. ముందుగా కూర్చుండుట నేర్పుదము. ఉప్పు, మసాలా లేక ఉడికించిన కోడిమాంసపు ముక్కను, లేదా ఇడ్లీ తునకను, శనగగింజంత తీసికొని దాని ముక్కునకు చేరువగా పట్టవలెను. మెల్లగా తలమీదుగా వెనుకకు జరుపవలెను. తల పైకి లేచినకొలది నడుము తనంతట క్రిందికి దిగును. కూర్చున్న ఆ క్షణమున "భళి" అని ముక్కను నోటికందింపవలెను. నడుము పట్టి నొక్కరాదు. ఈ పని తడబడక చేయుట వచ్చిన పిమ్మట "కూర్చో" అను మాటను చేర్పవలెను. ఇంట ఒకరు "కూర్చో" అని, మరొకరు "సిట్" అని పలికినచో పాపము, అది ఎవరి మాట వినును?

రెండవది షేక్‌హ్యాండు. ముక్కను పిడికిట మూసి నేలకు దగ్గరగా ఉంచవలెను. అది మూతితో పొడిచి, విసిగి, కాలితో గీరును. కాలు తగిలినదే తడవుగా "భళి" అని పిడికిలి విప్పవలెను. కొన్నినాళ్లకు వట్టి అరచేయి చాచినను కాలు అందించును.

మూడవది, అన్నిటికంటె విలువైనది, పిలిచిన వచ్చుట. వసారాకు ఆ కొసన ఒకరు, ఈ కొసన ఒకరు కూర్చుండి వంతులవారీగా పిలువవలెను. వచ్చిన ప్రతిసారి ముక్కయో, మెడ నిమురుటయో దక్కవలెను. కొట్టుటకు గాని, చేదుమందు వేయుటకు గాని ఎన్నడును పిలువరాదు. అట్టి పనికి మనమే లేచి పోవలెను.

పాఠము అయిదు నిమిషములు మించరాదు. దినమునకు రెండు మూడు పర్యాయములు, తిండికి ముందు, చాలును. వచ్చిన పని ఒకటి చేయించి మెచ్చుకొనియే ముగింపవలెను. ఎముకలు ముదరనందున వెనుకకాళ్లపై నిలువబెట్టుట, ఎత్తునుండి దూకించుట కూడదు. చాక్లెట్టు, ద్రాక్ష, ఎండుద్రాక్ష, ఉల్లి కుక్కలకు విషతుల్యములు గనుక బహుమానముగా పెట్టరాదు. పశువైద్యుని సలహాపై రేబీస్ టీకా వేయింపవలెను.

మోతీకి మరల ఓనమాలనుండి మొదలుపెట్టితిమి. మొదటి వారము మేము పిలువనే లేదు. నేలపై కూర్చుండి, అరచేత ముక్క ఉంచి, వేరొక ప్రక్కకు చూచుచుంటిమి. మూడవనాడు ముక్కను తీసికొని పారిపోయినది. ఆరవనాడు తిని అచ్చటనే నిలిచినది. నెల దాటిన తరువాత ఒక సాయంకాలము పెరటినుండి "మోతీ, రా" అన్నాము. తోక ఆడించుచు వచ్చి, చేతిలో ఏమియు లేకున్నను, మా అరచేత కాలు పెట్టినది.