రీమ్యాప్ చేసిన లారీని తక్కువ ఆర్‌పీఎంలో లాగిస్తే లోపల ఏం జరుగుతుంది?

ఈరోజు నా టేబుల్ మీద రెండు అరచందమామల్లాంటి ముక్కలున్నాయి, చూడండి. వీటిని బేరింగ్ షెల్స్ అంటారు. లారీ ఇంజన్‌లో కనెక్టింగ్ రాడ్ కింది చివర, క్రాంక్‌ని పట్టుకునే చోట, ఇవి రెండూ కలిసి ఒక గుండ్రం అవుతాయి. ఒకటి రాడ్ వైపు, అంటే పైన. రెండోది క్యాప్ వైపు, అంటే కింద. కెమెరాకి కొంచెం దగ్గరగా పెడతాను. కిందది బూడిద రంగులో బానే ఉంది కదా? పైదానికి పూత అరిగిపోయి రాగి రంగు బయటపడింది. ఈ తేడా ఎందుకొచ్చిందన్నదే ఈ ఎపిసోడ్.

ఇవి సాలూరులో ఉండే మా మావయ్య బండివి. సాలూరు అంటే లారీల ఊరు, ఉత్తరాంధ్ర వాళ్ళకి చెప్పక్కర్లేదు. వైజాగ్ నుంచి రాయపూర్ పోయే రోడ్డు సాలూరు దాటాక ఘాట్ ఎక్కి ఒడిశాలోకి వెళ్తుంది. మావయ్యది బీఎస్4 బండి, ఆరు సిలిండర్లు, 5.9 లీటర్ల ఇంజన్. ఎవరో ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చి "18 వేలు ఇవ్వండి, పికప్ పెరుగుతుంది, మైలేజ్ కూడా పెరుగుతుంది" అన్నారు. చేయించాడు. నిజంగానే పికప్ పెరిగింది. మూడో నెలలో క్లచ్ ప్లేట్ పోయింది. "అది మామూలే" అనుకున్నారు. ఎనిమిదో నెలలో ఆయిల్ ప్రెషర్ పడిపోయి, ఇంజన్ కింద నుంచి టక్ టక్ మని కొట్టుకోవడం మొదలైంది. విప్పి చూస్తే ఇదిగో, ఈ షెల్స్. బిల్లు మొత్తం 1 లక్షా 85 వేలు.

మావయ్య వెంటనే డ్రైవర్ మీద పడ్డాడు. "నువ్వు ఇంజన్ని పీకించేశావ్, ఓవర్ స్పీడ్ చేశావ్" అని రెండు ట్రిప్పుల బత్తా ఆపేశాడు. ఆ డ్రైవర్‌కి యాభై దాటాయి. ఆయన ఒకే మాట మీద ఉన్నాడు: "పన్నెండొందలు ఎప్పుడూ దాటించనేదు బాబూ. మీరు సెప్పినట్టే తోలినాను."

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. గొడవంతా అక్కడే ఉంది.

చాలామంది ఓనర్ల రూలు ఏంటంటే, ఆర్‌పీఎం తక్కువ ఉంటే డీజిల్ తక్కువ తాగుతుంది, కాబట్టి ఎంత పై గేర్‌లో పోతే అంత మంచిది. ఇందులో నిజం లేకపోలేదు. నెమ్మదిగా తిరిగే ఇంజన్‌లో రాపిడి వల్ల పోయే శక్తి తక్కువ. యూరప్‌లో లాంగ్ హాల్ ట్రక్కులు హైవే మీద వెయ్యి, పదకొండొందల దగ్గరే క్రూజ్ చేస్తాయి. కాకపోతే వాటికి టర్బో, క్లచ్, ప్రొపెల్లర్ షాఫ్ట్, క్రౌన్ నిష్పత్తి అన్నీ దానికి తగ్గట్టే డిజైన్ చేస్తారు. మన బండి కూడా ఖాళీగా, సాపు రోడ్డు మీద 1100లో పోతే ఇంజన్‌కి ఏమీ కాదు. సమస్య ఆర్‌పీఎంది కాదు. తక్కువ ఆర్‌పీఎంలో ఫుల్ లోడ్ అడగడం సమస్య.

చిన్న లెక్క చూద్దాం, భయపడకండి. ఘాట్‌లో ఒక ఎత్తు ఎక్కడానికి బండికి 80 కిలోవాట్ల పవర్ కావాలనుకోండి. ఆరు సిలిండర్ల ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో క్రాంక్ ఒకసారి తిరిగితే మూడు పేలుళ్ళు. 1000 ఆర్‌పీఎంలో అంటే సెకనుకి 50. 1600లో అయితే సెకనుకి 80. కావాల్సిన పవర్ ఒకటే కాబట్టి, 1600లో ఒక్కో పేలుడు 1 కిలోజౌల్ పని చేస్తే చాలు. 1000లో ఒక్కోటి 1.6 చెయ్యాలి. మిల్లు దగ్గర హమాలీని ఊహించుకోండి. 800 కేజీలు మొయ్యాలి. వంద కేజీల బస్తా ఎనిమిది సార్లు మోస్తాడా, 160 కేజీలది ఐదు సార్లు మోస్తాడా? సరుకు అంతే. నడుము ఎక్కడ విరుగుతుందో మీకే తెలుసు.

ఆ 1.6 దెబ్బ పిస్టన్ మీద పడి, రాడ్ గుండా దిగి, ఈ పై షెల్‌ని క్రాంక్ మీదకి అదుముతుంది. పేలుడు దెబ్బ ఎప్పుడూ పై షెల్‌కే తగులుతుంది. అదే ఓవర్ స్పీడ్ అయితే కథ వేరు. అప్పుడు పిస్టన్ పైకి దూసుకెళ్ళి, అక్కడ ఆగి వెనక్కి రావాలి. దాని బరువు రాడ్‌ని పైకి లాగేస్తుంది, ఆ లాగుడంతా కింద క్యాప్ వైపు షెల్ మీద పడుతుంది. ఆయిల్ లేక పోతే మామూలుగా రెండూ పోతాయి. ఇక్కడ కింద షెల్ బాగుంది, పైది పోయింది. ఆటోనగర్‌లో విప్పిన మెకానిక్ ఒక్క చూపులో అన్నాడు, "ఇది స్పీడుకి పోయింది కాదు, బరువుకి పోయింది" అని. నేను ఆ మాట ఫోన్‌లో రికార్డ్ చేసి మావయ్యకి పంపాను.

ఇంకో విషయం. ఈ షెల్‌కీ క్రాంక్‌కీ మధ్య ఇనుము ఇనుముని తాకదు, మధ్యలో పల్చటి ఆయిల్ పొర ఉంటుంది. ఆ పొరని నిలబెట్టేది పంపు ప్రెషర్ ఒక్కటే కాదు, క్రాంక్ తిరిగే వేగం. వానలో కారు స్పీడుగా పోతే టైరు నీళ్ళ మీద తేలుతుంది చూడండి, నెమ్మదిగా పోతే రోడ్డుని తాకుతుంది. ఇక్కడా అంతే. వేగం పెరిగితే పొర మందం అవుతుంది, బరువు పెరిగితే పల్చన అవుతుంది. తక్కువ ఆర్‌పీఎంలో ఫుల్ లోడ్ అంటే రెండు వైపులా నష్టమే. పైగా ఆయిల్ పంపు, వాటర్ పంపు రెండూ ఇంజన్‌తో పాటే తిరుగుతాయి. పిస్టన్ అడుగున ఆయిల్ చిమ్మి చల్లబరిచే జెట్లు కూడా ఆ పంపు మీదే ఆధారం. ఎక్కువ సాయం కావాల్సిన టైమ్‌లో సాయం తక్కువ వస్తుందన్నమాట.

మరి ఇదే డ్రైవర్ ఇదే ఘాట్‌లో అంతకుముందు ఏళ్ళ తరబడి ఇలాగే తోలాడు కదా, అప్పుడెందుకు పోలేదు? నాకు అసలు ఆసక్తిగా అనిపించింది ఇదే.

పాత సెట్టింగ్‌లో 1000 ఆర్‌పీఎం దగ్గర ఇంజన్ 700 న్యూటన్ మీటర్ల దాకా టార్క్ ఇస్తుందనుకుందాం. మన 80 కిలోవాట్లకి ఆ ఆర్‌పీఎంలో సుమారు 764 కావాలి. ఇంజన్ ఇవ్వదు. బండి కూలబడుతుంది, డ్రైవర్ తిట్టుకుంటూ గేరు తగ్గిస్తాడు, 1600కి వెళ్తుంది, అక్కడ 477 సరిపోతుంది. అంటే ఇన్నేళ్ళూ కరెక్ట్ గేరు వేయించింది డ్రైవర్ అలవాటు కాదు, ఈసీయూలో ఉన్న లిమిట్. రీమ్యాప్‌లో తీసేసింది సరిగ్గా దాన్నే. ఇప్పుడు 764 అడిగితే ఇంజన్ ఇచ్చేస్తుంది. బండి కూలబడదు, గేరు తగ్గించాలని ఎవరికీ అనిపించదు. "చూశావా, టాప్‌లోనే లాగేస్తోంది" అని సంబరపడతాం. నేను కోడ్ రాసే ఉద్యోగం చేశాను కాబట్టి ఇది బాగా తెలుసు. ఎవరో పాత ఇంజనీర్ ఒక ఇఫ్ కండిషన్ పెట్టి ఉంటాడు. అది ఎందుకుందో అర్థం కాక తీసేస్తాం. మొదటి రోజు అంతా ఫాస్ట్‌గా ఉంటుంది.

ఇలాంటిదే ఇంకో లిమిట్ ఉంది, పొగ లిమిట్. తక్కువ ఆర్‌పీఎంలో ఎగ్జాస్ట్ తక్కువ, కాబట్టి టర్బో సరిగ్గా తిరగదు, గాలి చాలదు. గాలి ఎంతుంటే డీజిల్ అంతే వెయ్యమని ఈసీయూలో రాసి ఉంటుంది. దాన్ని సడలిస్తే నల్ల పొగ వస్తుంది. మన దగ్గర నల్ల పొగని పవర్ అనుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు, అది కాలని డీజిల్ అండీ బాబూ. ఆ మసి కొంత ఆయిల్‌లో కలుస్తుంది, ఎగ్జాస్ట్ వేడి పెరుగుతుంది. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్6 బండ్లలో అయితే ఆ మసి డీపీఎఫ్‌ని నింపేస్తుంది. అది దాన్ని కాల్చుకోవడానికి అదనంగా డీజిల్ వాడుతుంది, కొన్ని ఇంజన్లలో ఆ డీజిల్ కొంత ఆయిల్‌లోకి దిగుతుంది. మైలేజ్ కోసం మొదలుపెట్టిన పని ఎటు పోయిందో చూడండి.

కొన్ని షాపుల్లో ఫైల్ మార్చరు, చిన్న చిప్ బాక్స్ పెడతారు. అది రైల్ ప్రెషర్ సెన్సర్ సిగ్నల్‌ని తగ్గించి చూపిస్తుంది, ఈసీయూ పాపం నమ్మి ప్రెషర్ పెంచుతుంది. దాని గురించి ఇంకో రోజు.

టెక్సాస్ నుంచి ఒకాయన అడిగారు, అక్కడ పికప్ ట్రక్కులకి అందరూ ట్యూన్ చేయించుకుంటారు కదా, బానే ఉంటాయి కదా అని. ఉంటాయి, చేసేవాడిని బట్టి. చివరి సంవత్సరాల 7.3 పవర్‌స్ట్రోక్‌లో పౌడర్ మెటల్ రాడ్లు, ట్యూన్ చేసిన డ్యూరమ్యాక్స్‌లో వంగిన రాడ్లు, ఇవి అక్కడి మెకానిక్‌లకి బాగా తెలిసిన కథలు. అందుకే అక్కడ తెలివైన ట్యూనర్లు పైన పవర్ ఎంత పెంచినా, కింద ఆర్‌పీఎంలో టార్క్‌ని కావాలనే తగ్గించి ఉంచుతారు. టర్బో లేచాకే డీజిల్ పెంచుతారు. మన దగ్గర ఎవరైనా ట్యూన్ చేస్తానంటే మీరు అడగాల్సిన ప్రశ్న ఒకటే: "1000 నుంచి 1400 మధ్య టార్క్ ఎంత పెంచుతున్నావు?" అడగగానే మాట మార్చాడంటే, బండి తాళం జేబులో పెట్టుకుని వచ్చేయండి.

డ్రైవర్లకి ఒక చిన్న టెస్ట్. ఘాట్‌లో యాక్సిలరేటర్ ఇంకొంచెం నొక్కండి. ఆర్‌పీఎం పెరిగితే గేరు సరైనదే. నొక్కినా ముల్లు కదలకపోతే, లేదా ఇంజన్ గుడగుడలాడి క్యాబిన్ వణికితే, మీరు ఒక గేరు పైన ఉన్నారు. మీటర్ మీద ఆకుపచ్చ పట్టీ కింది అంచు సాపు రోడ్డుకి. లోడుతో ఎక్కేటప్పుడు ముల్లు దాని పై సగంలో ఉండాలి. ఇంజన్ కూలబడే దాకా ఆగకుండా, ముందే గేరు తగ్గించండి.

డీజిల్ లెక్క కూడా వేశాను. పై గేర్‌లో ఘాట్ ఎక్కితే ట్రిప్పుకి 2 లీటర్లు మిగిలాయనే అనుకుందాం, నెలకి నాలుగు ట్రిప్పులు. ఎనిమిది నెలలకి 64 లీటర్లు. మావయ్య దీనికి ఏమీ అనలేదు, కాఫీ తాగుతూ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఇంజన్ కట్టాక పాత ఫైల్ తిరిగి వేయించారు. ఆగిన బత్తా డ్రైవర్‌కి ఒక ట్రిప్పుది ఇచ్చారు. రెండోది ఇంకా రావాలి, నేను అడుగుతూనే ఉన్నాను. మావయ్యా, ఈ వీడియో చూస్తావని తెలుసు.

వచ్చే ఎపిసోడ్‌లో ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్‌లో వదలడం గురించి మాట్లాడదాం. మీ బండి ఇంజన్, గేర్‌బాక్స్ వివరాలతో కామెంట్ పెట్టండి. ఉంటానండీ.