పొద్దున్నే ఇంజను మొరాయిస్తే

ఈవేళ పైరుల సంగతి కాస్త పక్కన పెట్టి, పంటను బజారుకు చేర్చే బండి సంగతి మాట్లాడుకొందాం. డీజిలు ట్రాక్టరుగాని, సరుకుల వ్యానుగాని పొద్దున్నే తాళం తిప్పగానే అందుకోక, నాలుగైదుసార్లు తిప్పితేగాని లేవకపోవటం చాలామందికి అనుభవమే. “ఏముందిలెండి, కాస్త బద్ధకం. ఒకసారి లేచిందంటే సాయంత్రందాకా ఆగదు” అని సరిపెట్టుకొంటారు. రాత్రి బండిని గట్టుమీద నిలిపి, పొద్దున్న పల్లానికి తోసి లేపేవారూ ఉన్నారు. అది వైద్యం కాదండీ, రోగాన్ని దాచిపెట్టటం. చెరకు కొట్టిన తరువాత 24 గంటలలోగా గానుగకు చేరితే మంచిదని అనకాపల్లి ప్రాంతపు రైతులకు నేను చెప్పనక్కరలేదు. గడ బండిమీద ఎండినకొద్దీ తూకమూ పోతుంది, రసంలో పంచదారా తగ్గుతుంది. అటువంటి రోజునే ఈ బద్ధకం కాస్తా మొండితనమై కూర్చుంటుంది.

బండి లేవకపోతే మొదటి నింద డీజిలు మీద వేయటం మనవారి అలవాటు. విశాఖపట్నం మల్కాపురంలో 1957లో కాల్టెక్సు వారు పెట్టిన చమురుశుద్ధి కర్మాగారం 1976లో ప్రభుత్వపరమై, 1978లో హిందుస్థాన్ పెట్రోలియంలో కలిసింది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా అమ్మే డీజిలులో గంధకం కిలోకు 10 మిల్లీగ్రాములకు మించరాదని నిబంధన. కనుక తయారైనచోట లోపం వెదకటంకన్నా, మన పీపాలో, మన ట్యాంకులో ఏమి చేరిందో ముందు చూచుకోవలెను. ట్యాంకు సగం ఖాళీగా ఉంచితే రాత్రి చల్లదనానికి లోపలి గాలిలోని తేమ నీరై అడుగున చేరుతుంది. ఫిల్టరు అడుగు మరను వదులుచేసి, కాస్త డీజిలు గాజుసీసాలో పట్టి పావుగంట నిలపండి. నీరుంటే అడుగున వేరుగా కనబడుతుంది. ట్యాంకును సాయంత్రమే నింపటం మంచి అలవాటు.

అసలు ఈ ఇంజను ఎలా మండుతుందో తెలిస్తే తక్కినది సులభం. పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ ఉంటుంది. డీజిలు ఇంజనులో అది లేదు. సైకిలుకు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగుభాగం వేడెక్కటం చూచారు గదా! అదే సూత్రం. సిలిండరులోని గాలిని పదహారు, పద్దెనిమిదోవంతుకు అదిమితే దాని వేడి 500 డిగ్రీలు దాటుతుంది. అందులోకి డీజిలును సన్నని తుంపరగా చిమ్మగానే తనంతట తాను అంటుకొంటుంది. అంటే ఇంజను వేగంగా తిరగాలి, గాలి బాగా వేడెక్కాలి, తుంపర వేళకు పడాలి.

కాబట్టి ముందు చెవి పెట్టి వినండి. ఇంజను నీరసంగా, ఆగి ఆగి తిరుగుతున్నదా? అయితే డీజిలు జోలికి పోవద్దు, బాటరీ దగ్గరకు పోవలెను. ముందుదీపాలు వెలిగించి స్టార్టరు తిప్పించండి. దీపాలు పూర్తిగా మసకబారితే బాటరీలో సత్తువ లేదు, లేదా కొనల దగ్గర పట్టు లేదు. మీటరుంటే మరీ మంచిది: తీరికగా ఉన్న బాటరీ 12.6 వోల్టులు చూపాలి, తిప్పేటప్పుడు 9.6కు దిగకూడదు. మల్కాపురం, సింధియా వంటి సముద్రపు గాలి తగిలే చోట్ల బాటరీ కొనలకు తెల్లని, పచ్చని పొడి తొందరగా పడుతుంది. వేడినీళ్ళలో వంటసోడా కలిపి కడిగి, బాగా తుడిచి, బిగించి, వాజిలీను రాయండి. సోడానీరు మూతలలోనుంచి లోపలికి పోకూడదు. బాటరీ దగ్గర అగ్గిపుల్ల, బీడీ బొత్తిగా పనికిరావు.

అందరూ మరచేది ఒకటుంది: ఇంజనునుంచి చాసిస్‌కు పోయే ఎర్తు పట్టీ. దానికింద తుప్పుగాని, రంగుగాని ఉంటే కొత్త బాటరీ కొన్నా బండి లేవదు. అయిదారు వేలు తగలేసినవారి ఇంట పది రూపాయల గరుకుకాగితంతో పని జరగటం నేను చూచాను. పది క్షణాలు స్టార్టరు తిప్పి, వెంటనే కొనలు తాకి చూడండి. వేడెక్కిన కొనే దొంగ.

ఇంజను చురుకుగానే తిరుగుతూ అంటుకోవటంలేదా? ఇక సైలెన్సరు వైపు చూడవలెను. పొగ అసలు లేకపోతే డీజిలు లోపలికి అందటంలేదు. తెల్లపొగ వస్తే డీజిలు పడుతున్నది కాని మండటంలేదు, అంటే వేడి చాలదు. నల్లపొగ అయితే గాలి చాలదు. గాలి ఫిల్టరు దులపండి.

రాత్రంతా నిలిచిన బండే పొద్దున్న ఆలస్యంగా లేచి, తరువాత రోజంతా బాగుంటే రెండింటి మీద అనుమానం. మొదటిది గ్లో ప్లగ్గు. అది ఉన్న బండ్లలో తాళం సగం తిప్పి, స్ప్రింగు బొమ్మ దీపం ఆరేదాకా ఆగవలెను. నాలుగింటిలో రెండు మాడిపోయినా ఎండాకాలంలో తెలియదు. డిసెంబరులో చింతపల్లి, లంబసింగి వైపు పోతే తెలుస్తుంది. రెండవది గాలి చొరబడటం. ట్యాంకునుంచి పంపువరకు ఉన్న గొట్టంలో చిన్న బీట ఉంటే డీజిలు బయటకు కారకపోవచ్చు, గాలి మాత్రం లోపలికి పోతుంది. రాత్రికి డీజిలు ట్యాంకులోకి జారిపోతుంది. తడి కనబడలేదని గొట్టం బాగుందనుకోవద్దు. ఫిల్టరుకూ పంపుకూ మధ్య డీజిలుకు తట్టుకొనే పారదర్శకపు గొట్టం ఒక మూర పెట్టిస్తే బుడగలు కంటికి కనబడతాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక. కామన్ రైలు బండ్లలో డీజిలు వెయ్యి బారులకు మించిన ఒత్తిడితో పోతుంది. ఆ గొట్టాలు మీరు విప్పవద్దు. ఏ ఇంజనులోనైనా తుంపరకు చెయ్యి అడ్డంపెట్టరాదు. అది చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోతుంది. నొప్పి లేకపోయినా వెంటనే ఆసుపత్రికి పోవలెను. గాలి ఫిల్టరు దగ్గర పెట్రోలు గుడ్డ పెట్టటం, గ్లో ప్లగ్గున్న ఇంజనుకు ఈథరు కొట్టటం కూడా ప్రమాదమే.

ఇవన్నీ సరిగా ఉండి, తెల్లపొగ ఆగక, ఇంజను నడుస్తుండగా నూనెమూత తీస్తే గుప్పుగుప్పున ఆవిరి తన్నుతూంటే రింగులు అరిగి, అదిమిన గాలి జారిపోతున్నదన్నమాట. అది వర్కుషాపు పని. పోయేముందు ఏ వేళ లేవటంలేదో, ఎన్ని క్షణాలు తిప్పవలసి వస్తున్నదో, పొగ ఏ రంగో కాగితంమీద రాసుకొని మెకానిక్కు చేతిలో పెట్టండి. కంప్రెషను కొలిపించి, ఒక్కొక్క సిలిండరు లెక్క అదే కాగితంమీద రాయించుకోండి.