మెచ్చుకోలు ముల్లు కారాదు

'పిట్ట కొంచెం, కూత ఘనం' అని తెలుగువారు మెచ్చుకొంటే పిట్ట నొచ్చుకోదు. ఇదే ఆశ్చర్యాన్ని ఇంగ్లీషులో ప్రకటించేటప్పుడు మాట ఏ కొంచెం తప్పినా ప్రశంస మరుగున పడి, 'నీకింత చేతనవునని అనుకోలేదు' అన్న చులకన భావమే పైకి తేలుతుంది.

మొదటి చిక్కు 'గలిగాడు' అన్న క్రియతోనే వస్తుంది. 1983 జూన్ 25న లార్డ్స్ మైదానంలో భారత జట్టు 183 పరుగులకే ఆలౌటైనా, అప్పటికి రెండుసార్లు ప్రపంచ కప్పు గెలిచిన వెస్టిండీస్‌ను 140కే పడగొట్టి నెగ్గగలిగింది. దీనిని 'ఇండియా కుడ్ విన్' అంటే 'గెలిచినా గెలవవచ్చు' అన్న అర్థం స్ఫురిస్తుంది. 'షి కుడ్ రీడ్ ఎట్ త్రీ' వంటి వాక్యంలో 'కుడ్' గతంలో సహజంగా ఉన్న శక్తిని తెలుపుతుంది. ఒక్క సందర్భంలో సాధించిన విజయానికి 'వాజ్ ఏబుల్ టు' అనాలి. అది కష్టసాధ్యమని సూచించదలిస్తే 'మేనేజ్డ్ టు' తగును. అయితే, ప్రథమ శ్రేణిలో నెగ్గిన విద్యార్థితో 'యు మేనేజ్డ్ టు పాస్' అనడం అభినందన కాదు.

ఆనాటి మన జట్టును 'డార్క్ హార్స్' అనవచ్చు. సత్తా ఎవరికీ తెలియని పందెపు గుర్రమని దాని మూలార్థం. 1831లో వెలువడిన డిజ్రేలీ నవల 'ది యంగ్ డ్యూక్'లో ఈ ప్రయోగమున్నది. వంశానికి తలవంపులు తెచ్చేవానిని సూచించే 'బ్లాక్ షీప్'తో దీనిని కలపరాదు.

అన్నిటికన్న ప్రమాదకరమైనది 'ఫర్' అనే చిన్న మాట. 'షి స్పీక్స్ వెల్ ఫర్ ఎ బిగినర్' అంటే తప్పు లేదు. ఆమె ఎల్లకాలం బిగినర్‌గా ఉండదు. 'ఫర్ ఎ విలేజ్ గర్ల్' అంటే మాత్రం ఆమెను మెచ్చుకొంటూ ఆమె ఊరిని కించపరచినట్లే. కాలక్రమాన తొలగిపోయే పరిమితికే 'ఫర్' నప్పుతుంది. పుట్టుకకు, కులానికి, ప్రాంతానికి, స్త్రీత్వానికి తగిలిస్తే గాయపరుస్తుంది.

'ఐ డిడ్ నాట్ నో యు హ్యాడ్ ఇట్ ఇన్ యు' అన్న వాక్యం స్నేహితుల మధ్య ముచ్చటగా ఉంటుంది. గురువుతోనో, పై అధికారితోనో అంటే అమర్యాద అవుతుంది. అటువంటి చోట 'హౌ డిడ్ యు డూ దట్?' అని అడగడం మేలు. అందులో ఆశ్చర్యమూ ఉన్నది, నేర్చుకోవాలన్న కోరికా ఉన్నది. ఎదుటివారిని తక్కువగా తలచిన జాడ మాత్రం లేదు.