ఉద్యానవనములో నీటి ఆట

మాక్లూరు పరిసరముల పిల్లలకు సెలవుదినమున ఉద్యానవనమనగా నిజామాబాదులోని తిలక్ గార్డెన్, లేదా ఎడపల్లి సమీపమున గల అలీసాగర్. మంజీరపై 1931లో పూర్తియైన నిజాంసాగర్ కాలువనీరే అలీసాగర్ చెరువును నింపుచున్నది. ఇట్టి ఆదరువు గల సీమలో కూడ, ఉద్యానవనమునందు పిల్లల నీటి ఆటస్థలమును క్రొత్తగా తీర్చిదిద్దువారు మొదట వేసికొనవలసిన ప్రశ్న ఒకటి కలదు: చిమ్మిన నీరు తరువాత ఎక్కడికి పోవును?

పూర్వము లోతు తక్కువ తొట్టి కట్టి నీరు నింపెడివారు. నిలువ నీరు దోమలకు నెలవు. మోకాలిలోతు నీటిలోను పసిబిడ్డ మునిగిపోగలదు. నడువలేని బిడ్డ గట్టుమీదనే కూర్చుండి ఇతరుల ఆట చూడవలెను. ఇప్పుడు తొట్టి లేకుండ, చదునైన నేలనుండియే ధారలు పైకి లేచునట్లు కట్టుచున్నారు. నేలకు 50 అడుగులకు 1 అడుగు వాలు చాలును. పడిన నీరు నిలువక జాలీలగుండ భూమిలోని తొట్టికి చేరును.

ఎంత నీరు? ధార 1 మీటరు ఎత్తు లేవవలెనన్నచో నీరు సెకనుకు సుమారు 4.4 మీటర్ల వేగముతో వెలువడవలెను. పైకి విసిరిన రాతికి వాడు సూత్రమే ఇచటను చెల్లును. రంధ్రపు వ్యాసము 5 మిల్లీమీటర్లైనచో నిమిషమునకు 5 లీటర్లకు కొంచెము పైగా వచ్చును. అట్టి ధారలు 40 ఉన్నచో గంటకు సుమారు 12,500 లీటర్లు; దినమునకు 4 గంటలు ఆడినచో 50,000 లీటర్లు. మిషన్ భగీరథ పథకము గ్రామములలో మనిషికి దినమునకు 100 లీటర్ల లెక్కన రూపొందినది. అనగా ఇది 500 మంది గల పల్లెకు ఒకనాటి నీరు! బోరుబావులు ఎండు వేసవిలో దీనిని మురుగుకాలువ పాలు చేయుటకు ఎవరును ఒప్పరు. (రంధ్రపు వ్యాసమును రెట్టింపు చేసినచో ఏమగునో విద్యార్థులచే లెక్క వేయించవచ్చును.)

కనుక వాడిన నీటినే మరల వాడవలెను. బోధన్ ప్రాంతమువారికి ఇది వింత కాదు. చక్కెర మిల్లులలో ఆవిరిని ద్రవముగా మార్చుటలో వేడెక్కిన నీటిని కొలనుపై చిమ్మి, చల్లార్చి, మరల వాడుదురు. 1937లో స్థాపింపబడిన బోధన్ కర్మాగారము 2015లో మూతపడినను ఈ పద్ధతి పాతబడలేదు. అయితే మిల్లు నీటిలో పిల్లలు ఆడరు. చిక్కంతయు ఇచ్చటనే యున్నది.

ఒక బిడ్డ కాళ్లు కడిగిన నీరే మరియొక బిడ్డ నోట పడును. 2005లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రమున, సెనెకా సరస్సు ఒడ్డునగల ఇట్టి ఆటస్థలములో తిరిగి తిరిగి వాడిన నీటివలన వేలకొలది జనులు విరేచనములతో బాధపడిరి. కారణము క్రిప్టోస్పోరిడియమ్ అను సూక్ష్మజీవి. లీటరుకు 1 మిల్లీగ్రాము క్లోరిన్ గల నీటిలో సాధారణ బాక్టీరియా త్వరలోనే చచ్చును. ఇది మాత్రము వారమునకు పైగా బ్రతికియుండును. అంతేగాక ధారలుగా చిమ్మునప్పుడు క్లోరిన్ గాలిలోనికి పోవును, ఎండకు విరిగిపోవును. క్లోరిన్ నీటితో కలిసి ఏర్పడు హైపోక్లోరస్ ఆమ్లమే ముఖ్యముగా క్రిములను చంపునది. పి.హెచ్. 7.5 వద్ద దానిలో సగము ఆ రూపమున ఉండును, 8.5 వద్ద పదవ వంతు మాత్రమే. కావున మందు వేసితిమని ఊరకుండరాదు, పి.హెచ్. చూచుచుండవలెను. నీటిని ముందు ఇసుకలో వడగట్టి, అతినీలలోహిత దీపము ప్రక్కగా నడిపింపవలెను. ఆ కిరణములకు క్రిప్టోస్పోరిడియమ్ నిలువలేదు. ఎన్ని యంత్రములున్నను విరేచనములైన బిడ్డను ఆటకు తేకుండుట తల్లిదండ్రుల పని.

ఇసుకను కడిగిన నీటిని పారబోయక, క్లోరిన్ విరుగువరకు ఎండలో ఉంచి చెట్లకు పెట్టవచ్చును. పంపును సౌరఫలకములతో నడపవచ్చును.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము ప్రజాస్థలములు అందరికిని అందుబాటులో ఉండవలెనని చెప్పుచున్నది. చట్టము అమలగుట చిన్న కొలతలలోనే తెలియును. ప్రవేశమున మెట్లకు బదులు 12 అడుగులకు 1 అడుగు మించని వాలుదారి ఉండవలెను. జాలీ సందులు 12 మిల్లీమీటర్లు దాటినచో చక్రాల కుర్చీ ముందరి చిన్నచక్రము వానిలో చిక్కుకొనును. చూపులేని బిడ్డకు పాదములకు తెలియు గరుకుపలకలు దారి చూపును. ధారలను విడుచు బొత్తాము కూర్చున్నవారికి అందు ఎత్తున, వ్రేళ్లు వంగనివారు పిడికిలితో నొక్కదగినంత పెద్దదిగా ఉండవలెను. ఒకసారి నొక్కినచో ధారలు కొన్ని నిమిషములు లేచి తమంతట తామే ఆగును. ఆడువారు లేనప్పుడు నీరు లేవదు.