మీకు తెలుసా? మూర్ల పెట్టెల్లో దాగిన పనితనం

711లో ఉత్తర ఆఫ్రికా నుంచి స్పెయిన్ చేరిన ముస్లింలను యూరప్ వాసులు మూర్లు అన్నారు. 1492లో గ్రనడా నగరం చేజారే వరకు అక్కడ వికసించిన వారి కళకు చక్కని సాక్ష్యాలు ఈ పెట్టెలు.

• ఏనుగు దంతం మొదలు దగ్గర సహజంగానే బోలుగా ఉంటుంది. స్పెయిన్‌లోని కార్డోబా శిల్పులు ఆ ఆకారాన్నే వాడుకుని గుండ్రటి భరిణెలు చెక్కి, గుమ్మటం లాంటి మూతలు అమర్చారు.

• కస్తూరి, కర్పూరం, అంబరు దాచుకోవడానికి తానున్నానని ఒక భరిణె తన మీది అరబిక్ కవితలో తానే చెప్పుకుంటుంది!

• ఖలీఫా రెండో అల్-హకమ్ 964లో తన కొడుకు తల్లి సుబ్హ్ కోసం చేయించిన భరిణె నేడు మాడ్రిడ్ మ్యూజియంలో ఉంది. ఖలీఫా తమ్ముడు అల్-ముగీరాకు 968లో చేసిన భరిణె పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. జానెడు ఎత్తైనా లేని దాని మీద ఎద్దులపై దూకే సింహాలను ఎంతో స్పష్టంగా చెక్కారు.

• 1004-05 నాటి ఒక దంతపు పెట్టెలో తర్వాతి కాలంలో స్పెయిన్‌లోని లేరె క్రైస్తవ మఠం వారు క్రైస్తవ సాధ్వుల అస్థికలను భద్రపరిచారు. అందానికి మతం అడ్డు రాలేదు.

• గ్రనడాలో ‘తరసేయా’ అనే పొదుగు పని నేటికీ బతికే ఉంది. రంగురంగుల కర్ర, ఎముక పుల్లలను నక్షత్రాల్లా పేర్చి, జిగురుతో కట్టగా అతికించి, పలుచని బిళ్లలుగా కోస్తారు. వాటిని పెట్టెలకూ బల్లలకూ పొదుగుతారు. ఒకే కట్ట నుంచి అచ్చుగుద్దినట్టు ఎన్నో నక్షత్రాలు!