చిత్తము: పిలుపునకొక ప్రతివచనము

గోలకొండ ప్రభువైన ఇబ్రహీం కుతుబ్ షా 1578లో మూసీనదిపై కట్టించిన వంతెన నేడు పురానాపూల్ అను పేర ప్రసిద్ధము. హైదరాబాదు నగరము పుట్టకమునుపే కోటవైపు జనులను నది యావలికి దాటించినది ఈ వంతెనయే. దీనినిగూర్చి లోకమున నొక కథ కలదు. రాకుమారుడు మహమ్మద్ కులీ ప్రియురాలిని చేరుటకై వరదలో గుఱ్ఱమును దుమికించెననియు, కొడుకు ప్రాణమునకు వెఱచి తండ్రి వంతెన కట్టించెననియు చెప్పుదురు. అప్పటికి రాకుమారునకు పదుమూడేండ్లకు మించి యుండవు గనుక కథను చరిత్రగా గైకొనజాలము. అయినను, పిలుపునకు మాటతోగాక నడకతో బదులు చెప్పుట యను భావము దానియందున్నది. క్రైస్తవ జీవితమున దేవుని పిలుపునకు బదులిచ్చుట యనగా నేమియో తెలుగు క్రైస్తవుల భాషనుబట్టియు, చరిత్రనుబట్టియు నిచట పరిశీలింపదలచితిమి.

ఈ వంతెనపై నిపుడు కూరగాయల యంగడులు. అచట నొక్క గడియ నిలిచి వినినచో, పిలిచినవాని హోదానుబట్టి బదులు మాఱుట స్పష్టమగును. తోటివానికొక బదులు, పెద్దవానికి వేఱొకటి, ఉర్దూ మాటాడువారిలో ‘జీ’. పూర్వము ఆస్థానములలోను, కచ్చేరీలలోను మనవారు వాడిన బదులు ‘చిత్తము’. ‘దేవర చిత్తము’, ‘ఏలినవారి చిత్తము’ అను పలుకుబడులకిది సంక్షేపము. నేనిచట నున్నానని దీని యర్థము గాదు. తమ యిష్టమెట్లో అట్లే యని.

తెలుగు బైబిలు అనువాదకులు ఈ పదమునే గ్రహించిరి. అబ్రాహామును, మోషేను, సమూయేలును దేవుడు పేరుపెట్టి పిలిచినపుడు హీబ్రూ మూలమున వారి బదులు ‘హిన్నేనీ’ యను నొక్క మాట. ‘ఇదిగో నేను’ అని దాని భావము. అందు విధేయతకన్న సన్నిధి యెక్కువ. ఆదికాండము ఇరువదిరెండవ అధ్యాయమున అబ్రాహామీ మాటను ముమ్మాఱు పలికెను: రెండుమాఱులు పైనుండి వచ్చిన పిలుపునకు, నడుమ నొకమాఱు బలికి కొనిపోబడుచున్న ఇస్సాకు పిలుపునకు. మూలమున మూడును ఒక్కటే. తెలుగున మొదటిదియు చివరిదియు ‘చిత్తము’, నడిమిది ‘ఏమి’. కొడుకు పిలిచిన తండ్రి ‘చిత్తము’ అనుట తెలుగు చెవికి పొసగదు గనుక అనువాదకులు చేసినది సరియే. కాని దేవునికిని బిడ్డకును ఒకే మాటతో బదులీయవలసివచ్చిన తండ్రి వేదన యీ విభజనవలన మఱుగుపడినది.

ఇది నష్టము. లాభమును గలదు. ‘దేవుని చిత్తము’ అనగా తెలుగు క్రైస్తవులకు దైవసంకల్పము. ప్రభువు నేర్పిన ప్రార్థనలోను ఆ పదమే వాడబడినది. కావున పిలుపునకిచ్చు బదులును, నెరవేరవలెనని కోరు సంకల్పమును తెలుగున నొక్క మాటయైనవి. మూలమునగాని, ఇంగ్లీషునగాని యీ కలయిక లేదు.

అయితే, పిలిచినదెవరు? బాలుడైన సమూయేలు దైవస్వరమును మూడుమాఱులు యాజకుడగు ఏలీ స్వరమనుకొని అతనియొద్దకు పరుగెత్తెను. యజమానునకిచ్చు బదులే నోట నానియున్నవానికి దేవుని గొంతు వేఱుగా వినబడుట కష్టము. తెలుగుదేశమున నీ కష్టము కథగా మిగులలేదు.

ఒంగోలు ప్రాంతమున తోళ్ళ వర్తకము చేయు ఎర్రగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మము పొందెను. ఆయన మాదిగ. ఊరివారు పిలిచినపుడు జాతరలో డప్పు కొట్టుట, చచ్చిన పశువులను లాగుట ఆ కులమునకు విధింపబడిన పనులు. ఆ పిలుపునకు కాదనుట లేదు. అమెరికను బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ క్రొత్త విశ్వాసులకు పెట్టిన నియమములు మూడు: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువుల మాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు. పైకివి మతనియమములే. ఆచరణలో నివి ఊరి పిలుపును నిరాకరించుట. గ్రామపెద్దల కోపమునకు కారణమిదియేగాని సిద్ధాంతభేదము గాదని మా తలంపు. క్లౌను సయితము జనులు దొరయనియే పిలిచిరి. ఒక దొరకు బదులు మఱొక దొర దొరకెనను శంక యిచట కలుగక మానదు.

ఆ శంక ఆయనకును కలిగినట్లున్నది. 1876-78 క్షామములో ఆయన బకింగ్‌హాం కాలువ త్రవ్వకమున మూడున్నర మైళ్ళ పనిని గుత్తకు తీసికొని వేలమందికి కూలి కల్పించెను. ఆ కాలమున ఏడాదికి పైగా బాప్తిస్మము లీయలేదు. గంజి పిలుపును దేవుని పిలుపుగా పొరపడుదురని వెఱచి ఆపెను. కఱవు పనులు ముగిసిన పిమ్మటను జనులు వచ్చిరి. 1878 జూలై 3న గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లియొద్ద ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారందఱి యంతరంగము నెవరెఱుగుదురు? వేచియుండుమన్నను వారు తిరిగి వచ్చిరనుట మాత్రము నిజము.

బ్రాహ్మణకులమున పుట్టిన పురుషోత్తమ చౌదరి (1803-1890) విషయము వేఱు. ఆయనను డప్పునకు పిలుచువారు లేరు. 1833లో బాప్తిస్మము పొందినపుడు ఆయన విడిచినది గౌరవమును, బంధువర్గమును. ఆయన కీర్తనలు నేటికిని తెలుగు సంఘములలో పాడబడుచున్నవి. పేరయ్య విడిచినది బలవంతపు చాకిరి. ఒకే పిలుపు ఒకనిని దించినది, ఒకనిని లేపినది.

ఇచట పౌలు బోధ నొకదానిని విచారింపవలెను. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో, పిలువబడిన నాటి స్థితిని విడువనక్కఱలేదని ఆయన మతము. దాసుడు స్వేచ్ఛ పొందగలిగినచో పొందుమనియు నచటనే కలదు. లూథరు పిలుపునకును, జీవనవృత్తికిని కలిపి ‘బెరూఫ్’ అను జర్మను పదమును స్థిరపఱచెను. ఎవని పని వానికి దైవదత్తమను భావము దానినుండి బలపడినదని మాక్స్ వేబరు చూపెను. చెప్పులు కుట్టువాడు తన వృత్తిని తాను ఎంచుకొనగల దేశమున నది గొప్ప భావమే. వృత్తి పుట్టుకతో వచ్చు మన పల్లెలలో అదియే కులధర్మమునకు దైవముద్ర వేసెడిది. తెలుగున ‘పిలుపు’, ‘వృత్తి’ అను రెండును వేఱువేఱుగా నిలిచిపోవుట మేలేయైనది.

తెలంగాణమున స్థితి యించుక భిన్నము. నిజాము రాజ్యమున వెట్టివాడు దొర యెదుట పలికిన మాట ‘బాంచెను’; అది దాస్యసూచకము. వెస్లియను మిషనువారి కృషివలన సంఘములేర్పడి, 1924 డిసెంబరు 25న మెదకు దేవాలయము ప్రతిష్ఠింపబడునాటికి ఇచటివారు చదివిన తెలుగు బైబిలులో ఆ మాటకు చోటు లేదు. దొరకు బాంచెను, దేవునికి చిత్తము: ఇరువురు ప్రభువులకు రెండు మాటలుండుటచే సమూయేలు పడిన తికమక యిచట భాషలోనే కొంత తొలగెనని మా యూహ. కోస్తాలో ఒకే మాట యిరువురకును చెల్లెను. పేరయ్యవంటివారు దానిని ఒకరియొద్దనుండి తీసి మఱొకరికీయవలసివచ్చెను.